నేను రాసిన నూట ముప్పై ఆరు

నూట ముప్పై ఆరు బై ఎనభై నాలుగు. ఒక మనిషి రక్తపోటు ఇంత అని మా విలేజ్ క్లినిక్ ట్యాబ్‌లో రాసి ఉంది. రాసి ఉన్న ఆ తేదీన ఆ అంకెను ఏ మిషనూ చూపించలేదు. నేనే కూర్చుని కల్పించాను.

కొత్తగా చేరే నర్సమ్మాయిల కోసం ఉద్యోగ జ్ఞాపకాలేవైనా రాయమని పాత స్నేహితురాలు ఒకామె అడిగింది. నువ్వు చేసిన మంచి పనుల గురించి రాయి అంది. మంచి పనులు నాకూ ఉన్నాయి, ఎవరికి లేవు? అవి నా రిటైర్మెంట్ సభలో అందరూ చెప్పేశారు. మీకు పనికొచ్చేది ఈ అంకె సంగతే అనిపించి ఇది రాస్తున్నాను. చదివాక నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి, మరేం ఫరవాలేదు.

నేను ఏఎన్ఎంగా ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. చివరి పంతొమ్మిదేళ్లు నెల్లూరు జిల్లాలో కోట అనే చిన్న టౌనుకు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న చేపల వేటగాళ్ల ఊరి సబ్‌సెంటర్లోనే గడిచాయి. రెండు గదులు, ఒక వరండా, ఉప్పుగాలికి తుప్పు పట్టిన బీరువా. ఆ ఊళ్లో సగం మందికి బొడ్డు కోసింది నేనే అని గొప్పగా చెప్పుకునేదాన్ని. నిజానికి అంతమంది ఉండరు గానీ, ఎదురు చెప్పేవాళ్లు లేరు. ఊరికంతటికీ నేను నర్సమ్మను.

రిటైర్మెంట్‌కు రెండేళ్ల ముందు మా సబ్‌సెంటర్‌కు రంగులు వేసి, విలేజ్ క్లినిక్ అని బోర్డు పెట్టి, ఒక అమ్మాయిని పంపించారు. బీఎస్సీ నర్సింగ్ చదివి, ఆపైన ఆరు నెలలు ప్రత్యేకంగా శిక్షణ తీసుకుని వచ్చింది. కాంట్రాక్టు ఉద్యోగం. డాక్టరు రోజూ రాలేని ఊళ్లలో జ్వరాలు, బీపీ, షుగరు తనే చూడాలి, మందులివ్వాలి. తన చేతిలో లేనిది పీహెచ్‌సీ డాక్టరుకు వీడియో కాల్లో చూపించి అడగాలి. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో బస్తాలు మోసే మనిషి కూతురు. అన్నం డబ్బా మూత తీసే ముందు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఆ కాసేపట్లోనే ఎవరో ఒకరు వచ్చి పిలిచేవాళ్లు, సగం ప్రార్థనలో లేచిపోయేది.

మా గదిలో చేతులున్న కుర్చీ ఒకటే ఉండేది. పదిహేడేళ్లుగా అది నాది. మొదటి రోజు ఆ పిల్ల ప్లాస్టిక్ స్టూలు లాక్కుని, "మేడం, మీరు కూర్చోండి" అంది. పోస్టు ప్రకారం ఆ కుర్చీ ఇప్పుడు తనదని ఇద్దరికీ తెలుసు. అయినా నేను కూర్చున్నాను. ఆమె వెళ్లిపోయేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

నాకు ఆమె అంటే కడుపుమంట. దాచడమెందుకు? ఊళ్లో వాళ్లు నెల తిరక్కుండానే చిన్న డాక్టరమ్మ అనడం మొదలుపెట్టారు. నేను ఏళ్ల తరబడి, "ఎండుచేపలు మానెయ్యండి, బీపీకి మంచిది కాదు" అని అరిచాను. ఒక్కరూ మానలేదు. ఆమె మానమనలేదు. చేపల్ని రెండు సార్లు నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పులుసులో వేరే ఉప్పు వెయ్యకుండా వండమంది. ఆడవాళ్లు నిజంగానే అట్లా వండారు. అది విన్నరోజు నాకు అన్నం సయించలేదు.

అయినా ఆ పిల్ల మంచితనం అలాంటిది, నాలుగు నెలలకు మేడం అన్న పిలుపు పోయి అక్కా వచ్చింది. టీకాల రోజు నాకు కాళ్లు లాగుతుంటే వేడినీళ్లు కాచి బకెట్టు పెట్టేది. నేను పెట్టించుకునేదాన్ని.

ఇక ఊరి అలవాటు చెప్పాలి. మగవాళ్లు తెల్లవారకముందే వేటకు పోతారు, పొద్దున తొమ్మిది పదింటికి ఒడ్డుకొస్తారు, చేపలు దించి, వల దులిపి, తిని పడుకుంటారు. క్లినిక్ తెరిచి ఉండే వేళకు వాళ్లకు మెలకువ ఉండదు. అదొక్కటే అయితే ఎట్లాగో సర్దుకునేవాళ్లం. అసలు కారణం వేరు. బోటు తోలే మనిషికి బీపీ ఉందని తెలిస్తే ఆ బోటెక్కడానికి మనుషులు జంకుతారు. నడిసముద్రంలో తల తిరిగి పడితే ఎవరు దిక్కు? అందుకని మగవాళ్ల జబ్బులన్నీ ఆడవాళ్ల కొంగున ఉండేవి. భార్యలే వచ్చి, చేపల గంప వరండాలో దించి, మాత్రలు కొంగున కట్టుకుని పోయేవాళ్లు. ఏ భార్య ఏ రంగు మాత్ర తీసుకోవాలో నాకు కంఠతా వచ్చు. అదే పెద్ద సేవ అనుకునేదాన్ని.

ఆ పిల్ల వచ్చిన కొత్తలో ఒకామె ఇట్లాగే వచ్చింది. ఆమె భర్త ఊళ్లో పేరున్న బోటు తోలేవాడు. బీపీ ఉందని అంతకు ముందే పీహెచ్‌సీ డాక్టరు మాత్రలు మొదలుపెట్టాడు.

"మాయన పడుకోనుండాడు. నెల మాత్రలు ఇస్తివంటే పోతా. చేపలు ఎండలో ఉండాయి" అంది.

"ఆయన్నే ఒక్కసారి రమ్మనండమ్మా. బీపీ చూడకుండా నెల మాత్రలు ఎట్టా ఇచ్చేది?" అంది మా పిల్ల.

"ఆయనొస్తాడా తల్లీ? ఈడికొచ్చింది నలుగురు చూస్తే రేపు ఆయన బోటు ఎవురెక్కతారు? అదో, నర్సమ్మనడుగు, ఆమెకి తెల్సు."

నేను కుర్చీలోంచే, "ఈ ఊరి సంగతి నీకు తెలీదులే అమ్మాయ్, ఇచ్చి పంపించు" అన్నాను. ఆమె ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం మిషన్ సంచిలో పెట్టుకుని వాళ్లింటికే పోయి, ఆయన్ను లేపి, బీపీ చూసి, మాత్రలిచ్చి వచ్చింది. నూట ముప్పై ఆరు, ఎనభై నాలుగు. మాత్రలు పనిచేస్తున్నాయని సంతోషపడింది. ఆ అంకె ఆ రోజుకు నిజమే.

పాత రిజిస్టర్ల కాలంలో అయితే మాత్రలిచ్చి సంతకం పెడితే సరిపోయేది. ట్యాబ్ అట్లా ఒప్పుకోదు. బీపీ అంకె వేస్తేనే మాత్రలు ఇచ్చినట్టు లెక్కలోకి తీసుకుంటుంది. పైన అంకె నూట నలభై దాటిందంటే ఎర్రగుర్తు వస్తుంది, అప్పుడు డాక్టరుకు వీడియో కాల్ చెయ్యాలి. మా ఊళ్లో సిగ్నల్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మంగళ, శుక్రవారాలు ఆ పిల్ల మంచం పట్టినవాళ్ల ఇళ్లకు పోయేది. ఆ రోజుల్లో మాత్రలకొచ్చిన ఆడవాళ్లు తిరిగిపోతున్నారని నేనే గొడవపెట్టి ఆమె లాగిన్ అడిగాను. పెద్దదాన్ని అడిగాను కదా, కాదనలేకపోయింది. పాస్‌వర్డ్ కాగితం మీద రాసిస్తూ, "అక్కా, మనిషొస్తేనే ఎక్కించండి. మనిషి రాకపోతే వద్దు" అంది.

నేను సరేనన్నాను. ఆ వారమే మనిషి లేకుండా ఎక్కించాను.

ఎర్రగుర్తు రాకుండా అంకెలు వెయ్యడం నాకు రెండు రోజుల్లో అలవాటైంది. పడుకున్న మొగుణ్ణి లేపి తీసుకురమ్మని ఆ ఆడవాళ్లను వేధించడం నాకే పాపమనిపించేది. పనిలో పనిగా, చదువుకున్న పిల్ల నాలుగు రోజుల్లో చేసేది నేను ఒక్కపూటలో చేస్తున్నానని గర్వం కూడా. ఆ బోటాయనకు మొదటి నెల నూట ముప్పై నాలుగు వేశాను. రెండో నెల నూట ముప్పై ఎనిమిది. ప్రతి నెలా ఒకటే వేస్తే బాగుండదని మార్చాను. మూడో నెల ఆ పిల్ల తీసిన పాత అంకే మళ్లీ వేశాను. ఆయన ఎట్లా ఉన్నాడని ఆ మూడు నెలల్లో ఒక్కసారీ భార్యను అడగలేదు.

అప్పుడే ఆ పిల్లకు ఒక ఆలోచన వచ్చింది. మగవాళ్లు వేట నుంచి వచ్చి పడుకునే లోపల గంటన్నర సమయం ఉంది కదా, ఆ వేళకు ఇంటింటికీ పోతే నలుగురి కంటా పడకుండా వాళ్ల బీపీ చూడొచ్చు అంది. డాక్టరు కూడా మెచ్చుకున్నాడు. ట్యాబ్‌లో ఉన్న అంకెల్ని బట్టి లిస్టు తయారుచేసింది. నూట అరవై దాటినవాళ్లు మొదటి వారం, నూట నలభై దాటినవాళ్లు రెండో వారం, అదుపులో ఉన్నవాళ్లు మూడో వారం.

లిస్టు నాకు చూపించింది. ఆ బోటాయన పేరు మూడో వారంలో ఉంది. నా వేలు ఆ పేరు దగ్గర ఆగింది. చెప్పేద్దామనుకున్నాను. ఆ పిల్ల ముందు తల దించుకోవాలంటే నాకు చచ్చేంత సిగ్గేసింది. రెండు వారాల్లో ఏం మునిగిపోతుందిలే అనుకుని, "బాగుందమ్మాయ్" అని లిస్టు తిరిగిచ్చాను.

రెండో వారం శనివారం, పొద్దున పదిగంటలప్పుడు ఆయన్ను నలుగురు మోసుకొచ్చారు. ఒడ్డుకొచ్చి బోటు దిగుతూ ఇసుకలో పడిపోయాడట. మూతి ఒకపక్కకు పోయింది, కుడిచెయ్యి వేలాడుతోంది. ఆ పిల్ల పక్కవీధిలో ఎవరింట్లోనో ఉండి పరుగెత్తుకొచ్చింది. బీపీ చూసింది. రెండు వందల ఇరవై దాటింది. ఆయన్ను పక్కకు ఒత్తిగిలబెట్టి, నోట్లో ఏమీ అడ్డం లేకుండా చూసి, 108కి, డాక్టరుకి ఫోన్లు చేసింది.

"ఏందో ఒక మాత్ర వెయ్యమ్మా! చూస్తా నిలబడ్డావే!" అని జనం అరిచారు.

"మింగలేడు అన్నా. ఇప్పుడు వేస్తే ఊపిరి గొట్టంలోకి పోతాది. నీళ్లు కూడా పొయ్యొద్దు" అంది.

ఆమె చేసింది ముమ్మాటికీ సరైన పని. నేనైతే కంగారులో వేసేసేదాన్నేమో. ఆ మాట అక్కడ నిలబడి గట్టిగా చెప్పాల్సింది. నేను చెబితే ఊరు వింటుంది. నేను వరండాలోకి పోయి, అంబులెన్సు వస్తోందేమోనని రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాను. అంబులెన్సు రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ పిల్ల ఆయనతోబాటే నెల్లూరుకు పోయింది.

అందరూ వెళ్లాక క్లినిక్‌లో నేనూ, ఆయన భార్య వదిలేసిపోయిన గంపా మిగిలాం. ట్యాబ్ తీశాను. ఆయన పేరు కింద మూడు నెలలూ పచ్చగా ఉన్నాయి. మార్చడానికి వీలుందా అని చూశాను. అవును, ముందు ఆ పనే చేశాను. వీలు లేదు.

ఆయన బతికాడు. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. ఆసుపత్రిలో ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "కాళ్లు వాస్తా ఉండాయని మాత్రలు మానుకున్నాడమ్మా. మూడు నెల్లయింది. అన్నీ డబ్బాలోనే ఉండాయి. తీసుకోకపోతే పేరు కొట్టేస్తారేమోనని తీసుకుంటా వచ్చినా. నువ్వు అడగలా, నేను జెప్పలా" అంది. కాళ్లవాపు ఆ మాత్రకు మామూలే. ఒక్కమాట తెలిసుంటే డాక్టరు మాత్ర మార్చి ఇచ్చేవాడు.

ఊళ్లో కోపమంతా ఆ పిల్ల మీదికి మళ్లింది. "డాక్టరు లేకుండా నర్సు పిల్లని కూచోబెట్టి మా ప్రాణాలతో ఆడుకుంటా ఉండారు" అని ఊరి పెద్దలు అర్జీ పెట్టారు. పది రోజులకు పీహెచ్‌సీలో ఎంక్వైరీ. పైనుంచి ఒక అధికారి వచ్చాడు. ఆయన టేబుల్ మీద మూడు నెలల అంకెలు అచ్చువేసిన కాగితాలున్నాయి. బల్లకు ఒకపక్క ఆ పిల్ల, ఇంకోపక్క నేను నిలబడ్డాం. నాకు రిటైర్మెంట్ ఇంకో నాలుగు నెలలే ఉంది.

"ఈ రీడింగులు మీరే తీశారా?" అని ఆమెను అడిగాడు.

"నా లాగిన్ సార్."

"నేనడిగింది అది కాదు. ఇవన్నీ మంగళ, శుక్రవారాలు. ఆ రోజుల్లో మీరు ఇళ్లకు పోతారని రిజిస్టరులో ఉంది. మరి ఎవరు తీశారు?"

ఆ పిల్ల నావైపు చూసింది. బతిమాలినట్టు కాదు, బెదిరించినట్టూ కాదు. నా వంతు వచ్చిందని గుర్తుచేసినట్టు చూసింది. నేను గోడమీది క్యాలెండర్ చూశాను.

ఆయన నావైపు తిరిగాడు. "మీకేమైనా తెలుసా అమ్మా?"

"నేను టీకాల పనిలో ఉంటాను సార్" అన్నాను.

ఆ వాక్యం ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ నాకు ఆశ్చర్యం. ఆ పిల్ల, "పాస్‌వర్డ్ జాగ్రత్తగా పెట్టుకోలేదు సార్, తప్పు నాదే" అంది. ఆమె నా పేరు ఎందుకు చెప్పలేదో నాకు తెలీదు. పెద్దదాన్నని జాలిపడిందో, నేనే చెబుతానని చివరిదాకా ఎదురుచూసిందో. పక్కనే ఉన్న డాక్టరు మంచివాడు. ఆయనకు అనుమానం వచ్చిందని నా అనుమానం. ఆయనా ఏమీ అనలేదు.

నెల తిరక్కముందే ఆమె కాంట్రాక్టు ఆపేశారు. పోయేరోజు బీపీ మిషను, స్టెతస్కోపు, తాళంచెవులు ఒక్కొక్కటీ లెక్కచూసి టేబుల్ మీద పెట్టింది. తర్వాత లిస్టు తీసి, "మూడో వారంలో పన్నెండు ఇళ్లు మిగిలిపోయినాయి. చూడండి మేడం" అంది. అక్కా అన్న మాట అక్కడితో పోయింది.

ఆ పన్నెండు ఇళ్లకూ నేను పోయాను. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాను. రెండిళ్లలో ఎర్రగుర్తు వచ్చింది. సిగ్నల్ కోసం దిబ్బ ఎక్కి, డాక్టరుతో మాట్లాడి మాత్రలు మార్పించాను. ఒక్కో ఇంటికి పావుగంట పట్టింది. అంతే.

తర్వాత నా రిటైర్మెంట్ సభ జరిగింది. శాలువా కప్పారు, మచ్చలేని సర్వీసు అన్నారు. చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి, లడ్డు తిని, కోటకు బస్సెక్కాను.

ఏడాది గడిచాక, ఇక ఉండలేక, జరిగిందంతా పై ఆఫీసుకు ఉత్తరం రాశాను. పోస్టు చేసేముందు ఆ పిల్లకు చూపించాలనిపించింది. కృష్ణపట్నం దగ్గర ఏదో కంపెనీలో ఫస్టెయిడ్ గదిలో పనిచేస్తోందని విని వెతుక్కుంటూ పోయాను. బయట లారీ డ్రైవర్లు వరుసగా కూర్చుని ఉన్నారు. ఆమె కొంచెం లావైంది. నన్ను చూసి లేచి నిలబడి, తన కుర్చీ నావైపు జరిపింది.

"కూర్చోండి మేడం."

ఈసారి నేను ఆ కుర్చీలో కూర్చోలేక స్టూలు మీద కూర్చున్నాను. ఆమె ఉత్తరం పూర్తిగా చదివి, మడిచి, నా చేతిలో పెట్టింది.

"పంపించమంటావా?" అన్నాను.

"నేను చెప్పేదేముంది మేడం. ఆ రోజు కూడా నేను చెప్పలేదు కదా" అంది. "ఆఫీసు సంగతి సరే. ఆయన భార్యకి చెప్పినారా?" అని అడిగింది.

చెప్పలేదు. ఆ ఊరికి పోనేలేదు.

ఆమె నా చెయ్యి తీసుకుని బీపీ పట్టీ చుట్టింది. ఒకసారి చూసి, ఐదు నిమిషాలు ఊరకే కూర్చోమని, మళ్లీ చూసింది. నూట అరవై ఎనిమిది, నూట నాలుగు. చీటీ మీద రాసి, ఏ చేతికి చూసిందో, ఎన్నిగంటలకు చూసిందో కూడా రాసి ఇచ్చింది. "డాక్టరు దగ్గరికి మీరే పోండి. ఎవరినీ పంపొద్దు" అంది. అని తర్వాతి డ్రైవరును పిలిచింది.

ఉత్తరం కోటలో పోస్టు చేశాను. ఇప్పటిదాకా జవాబు రాలేదు. మరుసటి ఆదివారం ఆ ఊరికి పోయాను. క్లినిక్‌కు తాళం వేసి ఉంది. ఆ పిల్ల తర్వాత వచ్చినామె రెండు నెలలు చేసి మానేసిందట, ఆ పోస్టు ఖాళీ. మాత్రల కోసం ఆడవాళ్లు కోటకు పోతున్నారు. పోలేనివాళ్లు మానేశారు.

ఆ బోటాయన గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయన భార్య పక్కన కూర్చుని, నేను మొత్తం చెప్పాను. మూడు అంకెలూ చెప్పాను, ఎంక్వైరీలో ఆడిన అబద్ధమూ చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"అట్టయితే ఆ పిల్లని ఊరకే తిట్టినామే నర్సమ్మా" అంది. "దుమ్మెత్తి పోసినా నేను. పోయేరోజు మా ఇంటికొస్తే తలుపు తియ్యలా."

నాకు ఆ సంగతి తెలీదు. పోయేరోజు కూడా ఆ పిల్ల ఆయన్ను చూడటానికి వచ్చిందన్నమాట.

ఆయనకు నా మాటలు ఎంతవరకు అర్థమయ్యాయో నేను చెప్పలేను. నేను లేవబోతుంటే గొంతులో ఏదో శబ్దం చేశాడు. బాగున్న ఎడమచేతి చొక్కా పళ్లతో పైకి లాక్కుని, ఆ చెయ్యి నాముందుకు చాపాడు. నర్సమ్మ వచ్చింది కాబట్టి బీపీ చూస్తుందనుకున్నాడు.

నేను మిషను తీసుకుపోలేదు.